ఏడుపులో అన్న మాట

నాది ఆదోనిలో షామియానాల వ్యాపారం. పెళ్ళికి పందిరి వేస్తాను, చావుకు ఐస్ పెట్టె తీసుకుపోతాను. పెళ్ళిళ్ళకు పనివాళ్ళను పంపినా చావు ఇళ్ళకు మాత్రం నేనే వెళ్తాను. పెట్టె మూత సరిగ్గా పడకపోతే ఆ ఇంటివాళ్ళ ముందు నిలబడాల్సింది నేనే కదా.

ఇన్నేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళ ఏడుపులు వింటున్నాను కాబట్టి ఒక మాట అనే హక్కు నాకుంది. జనం ఏడవడం మరిచిపోతున్నారు. కన్నీళ్ళు కారడం లేదని కాదు, మాట రావడం లేదు. ఎమ్మిగనూరులో ఫ్లెక్సీ కొట్టించి దాని మీద 'అశ్రునివాళి' అని రాయిస్తారు. ఆ మాటను ఆ ఇంట్లో పుట్టి బుద్ధెరిగాక ఎవరూ నోటితో పలికి ఉండరు. తల్లి శవం పక్కనే నిలబడి కొడుకు ఫోనులో 'మిస్ యూ అమ్మా' అని పెడతాడు. పక్కనే ఉంది కదరా, వంగి చెవిలో చెప్పు అనాలనిపిస్తుంది. అనను. చావు ఇంట్లో పెట్టెవాడికి నోరుండకూడదు.

ఆదోని నుంచి కౌతాళం పోయే దారిలో ఒక ఊరుంది. పేరు చెప్పను, ఇప్పటికే ఆ ఊరి పేరు ఫోన్లలో చాలినంత తిరిగింది. మొన్నమొన్నటి దాకా ఆ ఊరి ఆడవాళ్ళు మాట పెట్టి ఏడ్చేవాళ్ళు. ఉత్త రాగం తీయడం కాదు అది. పోయినవాళ్ళ బతుకంతా చెప్పుకుంటూ, వాళ్ళకు ఎవరెవరు ఏం చేశారో పేరు పెట్టి అడుగుతూ, కొంత తెలుగు, కొంత కన్నడం కలిపి ఏడ్చేవాళ్ళు. దానికి ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. శవం ముందర ఆడది ఏడుపులో ఏమన్నా ఎవరూ ఎదురు చెప్పకూడదు. ఊరి పెద్దను అనవచ్చు, కట్టుకున్న మొగుణ్ణి అనవచ్చు, దేవుణ్ణి అనవచ్చు. పేరు పడినవాడు లేచిపోకూడదు, కూర్చొని వినాలి. ఆ మాటలో నిజముందని వాడికి తోస్తే, ఏడుపు ఆగాక తల వంచుకొని చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతికిస్తాడు. అది వాడు ఒప్పుకున్నట్టు. ఆమె ఆ నీళ్ళతో ముఖం కడుక్కుంటే, ఆ ఒప్పుకోలు ఆమెకు ముట్టినట్టు. తర్వాత ఆ మాట ఎవరూ పైకి ఎత్తరు. కానీ ఊరు మరిచిపోదు. వాడింటికి పిల్లనిచ్చేటప్పుడు ఒకసారి ఆలోచిస్తుంది.

ఇది నాకెవరూ చెప్పలేదు, పెట్టె పక్కన కూర్చొని చూసి తెలుసుకున్నదే. మా ఆదోనిలో ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగినా ఎవడూ ఒప్పుకోని తప్పులు, ఆ ఊళ్ళో చెంబుడు నీళ్ళతో ఒప్పుకోవడం నేను కళ్ళారా చూశాను.

మాట పెట్టడంలో తిమ్మమ్మను మించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. కూలి చేసుకునే మనిషి, ఎవరి చావైనా పిలవకుండానే వచ్చి కూర్చునేది. ఆమె నోరు తెరిస్తే మీసాలున్న మగవాళ్ళు కూడా తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. అలాంటి తిమ్మమ్మ తన కూతురి శవం ముందర కూర్చోవాల్సి వచ్చింది.

కూతురి పేరు గౌరి. పందొమ్మిదేళ్ళు. ఊళ్ళో సగం మందితో పాటు సుగ్గికి పోయింది. సుగ్గికి పోవడమంటే మా వైపు, ఇంటికి తాళం పెట్టి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం. సంక్రాంతి దాటితే ఈ మండలాల్లో ముసలివాళ్ళూ కుక్కలూ మాత్రమే మిగులుతారు. అక్కడ గౌరికి జ్వరం వచ్చింది. గుంపును తీసుకుపోయిన మేస్త్రి భీమన్న, వీళ్ళ ఊరివాడే. మామూలు జ్వరమేనని అనుకున్నాడు. తర్వాత ఆ పిల్లకు ఊపిరి అందలేదు. ఆసుపత్రి గడప తొక్కేసరికి ప్రాణం పోయింది. భీమన్నే దగ్గరుండి, గుంపువాళ్ళను కూడా వెంటబెట్టుకొని, వ్యానులో శవాన్ని ఊరికి తెచ్చాడు. బంధువులంతా తలా ఒక చోట సుగ్గిలో ఉన్నారు, వాళ్ళు వచ్చేదాకా ఉంచాలని నాకు ఫోన్ చేశారు.

వాకిట్లో పెట్టె దించి, గౌరిని అందులో పడుకోబెట్టి, మూత వేశాం. తిమ్మమ్మ పెట్టెకు ఆనుకొని కూర్చుంది. ఆమె మొగుడు సోమప్ప గోడకు చేరగిలబడి ఉన్నాడు. భీమన్న ఎదురుగా మగవాళ్ళ మధ్య కూర్చున్నాడు. అప్పుడు తిమ్మమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

"గౌరీ, నా గౌరీ, సుగ్గికి పోయి పెట్టెలో వచ్చినావా తల్లీ...

వానదేవుడా, మా సేను మీద ఒగ పదును పడింటే నా బిడ్డ ఊరు దాటునా? నువ్వే సంపితివి కదయ్యా...

కాలవ తల్లీ, పక్కూరి దాకా వచ్చి మా గట్టు కాడ నిలబడితివే, నీకు కాళ్ళు నొచ్చినాయా? నువ్వే సంపితివి కదే...

సోమప్పా, బిడ్డ సదువు మాన్పియ్యొద్దంటే ఒగ్గ ఏడే కదా అంటివి. ఆ ఒగ్గ ఏడు ఎన్నేండ్లాయనయ్యా? నువ్వే సంపితివి కదా...

నేనే సంపితినమ్మా. పోనని మూలన కూర్చుంటే సద్ది కట్టి చేతికిచ్చింది నేనే కదమ్మా...

భీమన్నా, నా బిడ్డ జరమని నీ కాడికొచ్చి బండి అడిగె కదప్పా. కోత అయిపోనీలే అంటివంట. రెండు దినాలు గుడిసెలో పండబెడితివంట. మీ ఇంటి బిడ్డయితే పండబెడుదువా భీమన్నా? నువ్వే సంపితివి కదప్పా..."

ఆ రెండు దినాల సంగతి గౌరి పక్కన పండుకున్న ఆడవాళ్ళు చెప్పారు ఆమెకు. వాకిలంతా భీమన్న వైపు చూసింది. భీమన్న తల వంచాడు. నలభై ఏళ్ళ మనిషి, గుంపులో వందమందిని ఆడించేవాడు, చిన్నపిల్లవాడిలా మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. ఏడుపు ఆగాక లేచి, తొట్టిలో చెంబు ముంచి తెచ్చి తిమ్మమ్మ ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"కడుక్కో పెద్దమ్మా," అన్నాడు.

తిమ్మమ్మ అతని ముఖంలోకి చూసింది. తీసుకోదేమోనని భయపడ్డాను. తీసుకుంది. ముఖం కడుక్కుంది. కడుపుకోత తీరిందని నేననను, అది తీరేది కాదు. కానీ వినాల్సినవాడు విన్నాడు, ఒప్పుకున్నాడు. బిడ్డ చావు ఊరికే పోలేదన్నది ఆమెకు దక్కింది. బీదవాళ్ళకు అంతకంటే ఎక్కువ ఏం దక్కుతుంది ఈ దేశంలో?

ఆ దక్కినదాన్ని లాగేసుకున్నది పరాయివాడు కాదు, ఆమె సొంత అన్న కొడుకు మంజునాథ్.

మంజునాథ్ ఎమ్మిగనూరులో ఉంటాడు. ఫోనులో ఒక వార్తల పేజీ నడుపుతాడు, మెడలో కార్డు వేసుకుంటాడు. మేనత్త ఏడుస్తుంటే పందిరి గుంజ పక్కన నిలబడి మొత్తం తీశాడు. మరుసటి రోజు దాన్ని కోసి పేజీలో పెట్టాడు. వానదేవుణ్ణి కోసేశాడు. కాలవను కోసేశాడు. సోమప్పను కోసేశాడు. కన్నతల్లి తనను తాను అనుకున్న మాటను కూడా కోసేశాడు. ఒక్క భీమన్న మిగిలాడు. పైన ఎర్ర అక్షరాలతో రాశాడు: 'నా కూతుర్ని మేస్త్రి చంపేశాడు. తల్లి సంచలన ఆరోపణ'.

నేను మంజునాథ్‌కు ఫోన్ చేసి తిట్టాను.

"ఏం సేసినావురా ఇది?"

"అత్తకు న్యాయం జరగాల గదన్నా. ఊరికే ఏడిస్తే ఎవరింటారు?"

"వినాల్సినోడు విన్యాడు గదరా. నీళ్ళు కూడా తెచ్చినాడు. నువ్వు సూడలేదా?"

"అవన్నీ పాతకాలం మాటలు అన్నా. జనానికి తెలియాల."

జనానికి తెలిసింది. ఎక్కడెక్కడివాళ్ళో చూశారు. మేస్త్రిని ఉరి తీయాలని కొందరు రాశారు. ఆమె యాస విని నవ్వే బొమ్మలు పెట్టారు మరికొందరు. ఒకడు ఆ ఏడుపుకు డప్పు కలిపి పాట చేశాడు. గౌరి దినాలు కాకముందే మా ఆదోనిలో ఒక ఆటోలో 'నువ్వే సంపితివి' అని మోగుతుంటే విన్నాను. ఆ ఆటోవాణ్ణి ఆపి చెంప పగలగొట్టాలనిపించింది. వాడికేం తెలుసు పాపం.

స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. తిమ్మమ్మనూ సోమప్పనూ నా బండిలోనే తీసుకుపోయాను, చావు రోజు అక్కడున్నవాణ్ణి కాబట్టి నన్నూ రమ్మన్నారు. ఎస్సై కోస్తా వైపు కుర్రాడు. మర్యాదస్తుడు, అబద్ధం చెప్పకూడదు. తిమ్మమ్మకు కుర్చీ వేయించాడు. భీమన్న ఒక వకీలును పక్కన పెట్టుకొని నిలబడ్డాడు. వకీలు ఏం చెప్పమంటే అది చెప్పే ముఖం వచ్చేసింది అతనికి.

"అమ్మా, మీ అమ్మాయిని ఈయన చంపాడా?" అని అడిగాడు ఎస్సై.

"సంపలేదప్పా," అంది తిమ్మమ్మ.

"మరి చంపాడని అన్నారు కదా?"

"అది ఏడుపులో అన్నది."

"ఏడుపులో అంటే? అబద్ధమా?"

"అబద్ధం యాడిది? శవం ముందర అబద్ధం పలుకుతారా ఎవరన్నా?"

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. "చూడండమ్మా, చంపాడంటే కేసు రాస్తాను. చంపలేదంటే అది తప్పుడు మాట అవుతుంది. రెండిట్లో ఏదో ఒకటి చెప్పాలి."

"వానదేవుడూ సంపినాడు, కాలవా సంపింది, నేనూ సంపినాను. అందర్నీ పిలిపిస్తావా సామీ?" అంది తిమ్మమ్మ. అక్కడున్న కానిస్టేబుల్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. కుర్చీలో ముందుకు జరిగింది. "నా మాట ఒగటే. జరమొచ్చిన నాడే నా బిడ్డ బండి అడిగింది. కోత అయిపోనీ అన్యాడు. రెండు దినాలు పండబెట్టినాడు. అది రాసుకో. అదొగటి రాసుకుంటే సాలు."

ఎస్సై భీమన్న వైపు తిరిగాడు. "అన్నావా?"

భీమన్న వకీలును చూశాడు. "లేదు సార్. అడిగిన ఎంటనే బండి పెట్టినాను."

నేను పక్కనే ఉన్నాను. నా చెవులను నేను నమ్మలేదు. వాకిట్లో ఊరందరి ముందు ఇదే మాటకు మోకాళ్ళలో తల పెట్టుకున్నవాడు వీడే. అక్కడ ఒప్పుకుంటే సిగ్గు, ఇక్కడ ఒప్పుకుంటే జైలు. ఆ తేడా వాడిచేత అబద్ధం పలికించింది. మనిషి మారలేదు, మాట పడిన చోటు మారింది.

"భీమన్నా, నీళ్ళు తెచ్చినావు గదప్పా నాకు?" అంది తిమ్మమ్మ. కోపంగా కాదు, అయోమయంగా అడిగింది.

భీమన్న కిటికీ వైపు చూశాడు.

"నీళ్ళేంటి?" అన్నాడు ఎస్సై. నేను ముందుకు వచ్చి ఆ ఊరి కట్టుబాటు మొత్తం వివరించాను. ఓపిగ్గా విన్నాడు. వినేసి, "దీన్ని ఎలా రాయమంటారు?" అని నన్నే అడిగాడు.

గుంపులోని ఆడవాళ్ళను కూడా పిలిచి అడిగారు. తిమ్మమ్మకు ఆ రెండు దినాల సంగతి చెప్పినవాళ్ళే, మాకు గుర్తు లేదన్నారు. వచ్చే ఏడు మళ్ళీ భీమన్న వెంటే సుగ్గికి పోవాలి, వాళ్ళను మాత్రం ఏమనగలను? తిమ్మమ్మ ఒక్కతే మిగిలింది.

అంతటితో పోతే బాగుండేది. భీమన్న తరఫువాళ్ళు, మా పరువు ఊరూరా పోయింది, అదే ఫోనులో తప్పని చెప్పించాలి అని పట్టుబట్టారు. లేకపోతే ఆమె మీదే కేసు పెడతామన్నారు. సోమప్ప భయపడ్డాడు. చివరికి ఒక రోజు పొద్దున తిమ్మమ్మను ఇంటి ముందర నులక మంచం మీద కూర్చోబెట్టారు. తీయడానికి వచ్చింది మంజునాథే. తను చేసింది తనే సరిదిద్దుతానని ఒప్పుకున్నాడట. వకీలు రాసిచ్చిన వాక్యాన్ని ముక్కలు ముక్కలుగా చెబుతుంటే ఆమె అనాలి.

"నా కుమార్తె మరణం విషయంలో..." అన్నాడు మంజునాథ్.

"నా కుమార్తె..." అంది తిమ్మమ్మ. ఆగింది. "గౌరి అనకూడదా?"

"ఉన్నట్టే అనాలత్తా. నేను చేసిన ఆరోపణలన్నీ నిరాధారమైనవి."

ఆమె నోట అది పలకలేదు. రెండుసార్లు ప్రయత్నించి తప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. మంజునాథ్ చేతిలోని కాగితం మడిచాడు. "సరే అత్తా, నీ మాటల్లోనే సెప్పు. అన్నీ అబద్ధాలు అను సాలు."

"అన్నీనా?" అంది.

"అన్నీ."

తిమ్మమ్మ ఫోను వైపు కాకుండా నేల వైపు చూస్తూ అంది. "నేను ఏడుపులో అన్నవి అన్నీ అబద్ధాలు."

ఆ 'అన్నీ'లో గౌరి గుడిసెలో పండుకున్న రెండు దినాలు కూడా పోయాయి. ఉన్న ఒక్క నిజమూ అలా పోయింది. అదే వీధిలో వేరే ఇంటి పందిరి గుడ్డలు తీసుకుపోవడానికి వచ్చి ఇదంతా చూసిన నాకు, ఆ ఫోను లాక్కొని రోడ్డు మీద కొట్టాలనిపించింది. కొట్టలేదు. నాలాంటివాళ్ళ కోపం ఎప్పుడూ కడుపులోనే చల్లారుతుంది.

ఆ తర్వాత ఆ ఊళ్ళో ఇంకా చావులు జరిగాయి, పెట్టె తీసుకుపోయాను. ఏడుపు కోసం నోరు తెరిచిన కోడలి మోకాలి మీద అత్త చేయి వేసి, "నోరు మూసుకొని ఏడువు" అనడం నా చెవులతో విన్నాను. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకొని, ఎవరి చేతిలో ఫోనుందోనని చుట్టూ చూస్తూ కూర్చున్నారు. తప్పు చేసినవాళ్ళకు హాయిగా ఉంది. తల వంచాల్సిన పని లేదు, ఎవరూ ఏమీ అడగరు. భీమన్న కూడా తల ఎత్తుకొనే తిరిగాడు. తిమ్మమ్మ ఇంటి ముందర మాత్రం నడవడు, చుట్టు తిరిగి పోతాడని విన్నాను.

శ్రావణమాసంలో భీమన్న తల్లి సుభద్రమ్మ పోయింది.

సుభద్రమ్మా తిమ్మమ్మా చిన్నప్పటి నుంచి జత. ఒకే మడిలో కలుపు తీసినవాళ్ళు, ఒకరి కాన్పుకు ఒకరు నీళ్ళు కాచినవాళ్ళు. గొడవ తర్వాత కూడా సుభద్రమ్మ రాకపోకలు మానలేదని, కొడుకు వద్దన్నా వినలేదని ఊళ్ళో చెప్పారు. మొగుడు చిన్న వయసులోనే పోతే సుభద్రమ్మ ఈ భీమన్నను ఎలా పెంచిందో పూర్తిగా తెలిసిన మనిషి లోకంలో తిమ్మమ్మ ఒక్కతే. భీమన్నకు కూడా అంత తెలియదు.

నేను పెట్టె దించేసరికి వాకిటి నిండా జనం ఉన్నారు. సద్దు లేదు. కోడళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. భీమన్న అటూ ఇటూ తిరిగి, చివరికి తనే పోయి తిమ్మమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె వచ్చి తల దగ్గర కూర్చుంది. అందరూ ఆమె నోటి వైపే చూశారు. ఆమె నోరు తెరవలేదు. పెట్టె అద్దం మీద అరచేయి పెట్టి లోపలి ముఖాన్ని చూస్తూ ఉంది.

భీమన్న వచ్చి ఆమె ఎదురుగా కూలబడ్డాడు.

"పెద్దమ్మా, మాయమ్మకు ఒగ మాట పెట్టు. దిక్కులేని పీనుగ లెక్క పోతాంది."

తిమ్మమ్మ అద్దం మీది చేయి తీయలేదు.

"నన్ను గూడా అను. ఆ రెండు దినాల మాట గూడా అను. కోత అయిపోనీ అన్యాను, నిజమే, నేనే అన్యాను. ఈడ అందరి ముందర అను, తల వంచుకొని ఇంటాను. మాయమ్మను మాత్రం ఇట్ల పంపొద్దు పెద్దమ్మా."

ఊరంతా విన్నది. నేనూ విన్నాను. స్టేషన్లో ఎస్సై అడిగితే రాని మాట, ఎవరూ అడగకుండానే ఇప్పుడు వచ్చింది. జేబుల్లో ఫోన్లు ఉన్నా ఒక్కరూ బయటికి తీయలేదు.

తిమ్మమ్మ అతని వైపు తిరిగింది. ఆ ముఖంలో కసి ఉందేమోనని వెతికాను. లేదు, అలసట ఉంది.

"ఏమని పలుకుదునప్పా? ఏడుపులో నేను పలికేవన్నీ అబద్ధాలని నా నోటితోనే సెప్పిస్తిరి. అబద్ధాలు పలికే నోటితో సుభద్రమ్మను ఎట్ల సాగనంపుదును? అది నా జతగత్తె."

మళ్ళీ అద్దం వైపు తిరిగి కూర్చుంది. శవం లేచేదాకా అక్కడే ఉంది, కన్నీళ్ళు గడ్డం దాకా కారాయి, ఒక్క మాట రాలేదు. మోసేవాళ్ళు పాడె ఎత్తుతుంటే భీమన్న దానికి అడ్డం పడ్డాడు. "అమ్మా" అని గొంతు చించుకొని అరిచాడు. మళ్ళీ "అమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఏమనాలో అతనికి తెలియలేదు.